ఆక్టేవియా చనిపోలేదు

పాత ఫోటోలో దయ్యం కనబడిందని ఎవరైనా అనగానే మనం మొదట చేసే పని ఆ బొమ్మను పెద్దది చేసి చూడటం. అది నీడా, పొగా, ఒకే ఫిల్ముపై రెండు సార్లు పడ్డ దృశ్యమా, లేక కావాలని చేసిన మోసమా అని వాదించుకుంటాం. ఈ వాదన ఎన్నటికీ తేలదు. నమ్మేవారికి అక్కడ ముఖం కనబడుతుంది, నమ్మనివారికి మరక కనబడుతుంది, ఇద్దరూ చూసేది ఒకే కాగితాన్ని. అయితే దయ్యం కథలు చెప్పేవారిలో ఒక అలవాటు ఉంది, అదే పరిశోధించేవారికి కలిసివస్తుంది: ఆ ఆకారానికి ఏదో ఒక పేరు పెట్టనిదే వాళ్లకు తోచదు. పేరు పెట్టిన మరుక్షణం అది ఫోటో గురించిన వాదన కాకుండా పోయి, ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఫలానా కాలంలో బతికి ఫలానా విధంగా చనిపోయిందనే చారిత్రక వాదన అవుతుంది. దాన్ని పరీక్షించడానికి భూతద్దం అక్కర్లేదు. చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు, వీలునామాలు, క్రయపత్రాలు, సమాధి రాళ్లు చాలు. తమ వంశవృక్షం గీసుకునేవాళ్లు సెలవు రోజుల్లో తిరగేసే కాగితాలే ఇవన్నీ.

ఇంతవరకు కొత్త సంగతేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది దీని తరవాతి మెట్టు. రికార్డులు వెతికేవాళ్లలో కూడా చాలామంది దయ్యం పేరు కోసమే వెతుకుతారు. పేరు దొరక్కపోతే కథ అబద్ధమని తేల్చేస్తారు, దొరికితే తెల్లబోతారు. ఈ రెండూ తొందరపాటు తీర్మానాలే. వెతకవలసింది కథలో దయ్యం చేతిలో చనిపోయారని చెప్పేవాళ్ల కోసం. ఇది ఎంత తేడా తెస్తుందో చూపడానికి అమెరికాలోని లూయిజియానా రాష్ట్రంలో ఉన్న ఒక ఇల్లు చాలు.

సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ అనే చిన్న పట్టణంలో మర్టిల్స్ అనే పాత తోట బంగళా ఉంది. ఇప్పుడది పర్యాటకులు రాత్రి బస చేసే చోటు, అమెరికాలో అతి ఎక్కువ దయ్యాలున్న ఇళ్లలో ఒకటిగా పేరు మోసింది. 1992లో ఆ ఇంటి యజమానులు బీమా కోసం కట్టడాల ఫోటోలు తీయించుకున్నారు. వాటిలో ఒక దానిలో, రెండు కట్టడాల మధ్య నడవాలో, గోడ చెక్కలు లోపలి నుంచి కనబడేంత పలచని ఆకారం ఒకటి నిలబడి ఉన్నట్టు తరవాత ఎవరో గమనించారు. తలకు గుడ్డ చుట్టుకున్న స్త్రీ అన్నారు. ఆ ఫోటో పోస్టుకార్డుగా అచ్చయింది, టీవీ కార్యక్రమాల్లోకి ఎక్కింది, ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. ఆమె పేరు క్లోయి అని చెబుతారు.

క్లోయి కథ క్లుప్తంగా ఇది. 1820ల ప్రాంతంలో ఆ ఇంటి యజమాని క్లార్క్ వుడ్రఫ్ అనే జడ్జి. క్లోయి అతని బానిస. అతను ఆమెను తన వద్దకు రప్పించుకునేవాడు. ఒకనాడు తలుపు దగ్గర చెవి ఆనించి వింటూ పట్టుబడితే ఆమె చెవి కోయించాడు, అప్పటినుంచి ఆ మచ్చ కనబడకుండా ఆకుపచ్చ తలగుడ్డ చుట్టుకునేది. మళ్లీ యజమానుల దయ సంపాదించాలని, పిల్లలకు కాస్త జబ్బు చేస్తే తానే సేవ చేసి బాగుచేసినట్టు అనిపించుకోవచ్చని, పుట్టినరోజు కేకులో గన్నేరు ఆకుల రసం కలిపింది. గన్నేరు సంగతి మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాళ్లు తప్పాయి, వుడ్రఫ్ భార్య సారా, ఆమె ఇద్దరు కూతుళ్లు చనిపోయారు. యజమాని కోపానికి భయపడి తోటి బానిసలే క్లోయిని చెట్టుకు ఉరితీసి నదిలో పారేశారు. అందుకే ఆమె ఆత్మ అక్కడే తిరుగుతున్నదట.

కథగా చూస్తే దీనిలో లోపమేమీ లేదు. కామం, శిక్ష, పశ్చాత్తాపం, పసిపిల్లల చావు, అన్నీ అమరినట్టు అమరాయి. అంత బాగా అమరడమే నాకు మొదట అనుమానం కలిగించింది. నిజంగా జరిగిన చావులు ఇంత చక్కగా ఒక్క పూటలో ముగియవు.

ఇక కాగితాలు. ఆ ఇంటిని మొదట కట్టించినవాడు డేవిడ్ బ్రాడ్‌ఫర్డ్, పెన్సిల్వేనియా లాయరు. 1794లో సారాయి పన్నుకు వ్యతిరేకంగా జరిగిన తిరుగుబాటులో నాయకత్వం వహించి, అరెస్టు తప్పించుకోవడానికి అప్పటికి స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఈ ప్రాంతానికి పారిపోయి వచ్చాడు. ఇంటి నిర్మాణం 1796 నాటిది. అతని కూతురు సారాను వుడ్రఫ్ 1817లో పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పుట్టింది ముగ్గురు పిల్లలు: కార్నీలియా, జేమ్స్, మేరీ ఆక్టేవియా. కథ చెప్పేవాళ్లు ఇద్దరు కూతుళ్లనే లెక్కలోకి తీసుకుంటారు, మధ్యలో ఒక కొడుకు ఉన్నాడన్న సంగతి వాళ్లకు తెలిసినట్టు లేదు.

సారా చనిపోయింది 1823 జూలైలో. జేమ్స్ చనిపోయింది 1824 జూలైలో. కార్నీలియా 1824 సెప్టెంబరులో. ముగ్గురివీ ఎల్లో ఫీవర్ చావులు. ఒక పుట్టినరోజు, ఒక కేకు, ఒకే రాత్రి మూడు శవాలు అన్న కథకు ఇక్కడే పునాది పోయింది. ఎందుకంటే తల్లి మరణానికీ చివరగా పోయిన కార్నీలియా మరణానికీ మధ్య పద్నాలుగు నెలల ఎడం ఉంది. అంతకంటే ముఖ్యమైనది, మేరీ ఆక్టేవియా అప్పుడు చనిపోలేదు. పెరిగి పెద్దదై పెళ్లి చేసుకుంది. కథ విషం పెట్టి చంపిన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకామె నిజజీవితంలో కాపురం చేసుకుంది. నిజంగా చనిపోయిన మగపిల్లవాడిని కథ పూర్తిగా మరిచిపోయింది. ఏ బొమ్మను ఎంత పెద్దది చేసి చూసినా ఇంత స్పష్టమైన జవాబు దొరకదు.

ఆ మరణాల నెలలను కూడా ఒకసారి ఆగి చూడాలి. జూలై, జూలై, సెప్టెంబరు. మిసిసిపీ నది దిగువ ప్రాంతంలో ఎల్లో ఫీవర్ కాలం సరిగ్గా అదే, వేసవిలో మొదలై మంచు పడేదాకా ఊళ్లను ఖాళీ చేయించే కాలం. ఈ జ్వరం దోమల వల్ల వస్తుందని క్యూబాలో కార్లోస్ ఫిన్లే 1881లో సూచించాడు, 1900లో వాల్టర్ రీడ్ బృందం చేసిన ప్రయోగాలతో అది రుజువైంది. అంటే 1823లో ఆ ఇంట్లో ఎవరికీ ఆ జ్వరం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసే అవకాశమే లేదు. కారణం తెలియని చావుకు కారకులను వెతకడం మనుషులందరికీ ఉన్న బుద్ధి. మన ఊళ్లలో చేతబడి పేరిట జరిగిన దారుణాలు కూడా ఇలాంటి వేళల్లోనే పుట్టాయి. తెల్ల యజమానులకు బానిసలు వంటలో విషం కలుపుతారన్న భయం ఎప్పుడూ ఉండేది. వుడ్రఫ్ కుటుంబం నిజంగా ఎవరినైనా అనుమానించిందని నేను అనడం లేదు. ఆ జ్వరం చావులను విషం చావులుగా మార్చుకోవడం తరవాతి తరాల కథకులకు ఎంత తేలికయిందో మాత్రమే చెబుతున్నాను.

ఇప్పుడు క్లోయి సంగతి. వుడ్రఫ్ కుటుంబపు పత్రాలను వెతికిన పరిశోధకులకు ఆ పేరుగల బానిస ఎక్కడా దొరకలేదు. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు: పేరు లేదు, కాబట్టి మనిషి లేదు. ఈ తర్కంతోనే నాకు పేచీ.

అమెరికా జనాభా లెక్కల్లో బానిసలను ఎలా రాశారో తెలిసినవాళ్లు ఆ మాట అనరు. 1820 లెక్కలో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్లందరూ వయసుల వారీగా అంకెలు: పద్నాలుగేళ్లలోపు మగ బానిసలు ఇందరు, ఇరవై ఆరులోపు ఆడ బానిసలు ఇందరు, అంతే. 1850, 1860లలో బానిసల కోసం వేరే పట్టికలు పెట్టారు. ఆ పేజీ ఒకటి తెరిచి చూస్తే కాసేపు ఊపిరి సరిగా ఆడదు. ఎడమ వైపు గడిలో యజమాని పేరు అందమైన గొలుసుకట్టు రాతలో ఉంటుంది. దాని కింద గడులన్నీ ఖాళీ. పక్క గడిలో 1, 1, 1 అంటూ నిలువుగా ఒకట్లు, ఒక్కో ఒకటీ ఒక్కో మనిషి. ఆ తరవాత వయసు, ఆడా మగా తెలిపే అక్షరం, నల్లవారా మిశ్రమ సంతానమా తెలిపే మరో అక్షరం. ఇంకో గడి పారిపోయినవారిది, ఇంకొకటి విడుదల పొందినవారిది. పేరుకు మాత్రం గడి లేదు. బానిసత్వం నుంచి విడుదలైన జనం పేరూ ఇంటిపేరూ సహా మొదటిసారి దేశమంతటా జనాభా లెక్కకెక్కింది 1870లో. నల్లజాతి కుటుంబాల చరిత్ర వెతికేవాళ్లలో చాలామందికి దారి 1870 దగ్గర మూసుకుపోవడానికి కారణం ఇదే.

కాబట్టి జనాభా లెక్కలో క్లోయి లేదన్న మాటకు అర్థం లేదు. ఆ లెక్కలో ఏ బానిస పేరూ లేదు. అయితే లూయిజియానాలో ఇంకో దారి ఉంది. అక్కడి చట్టం బానిసలను భూమిలాగా స్థిరాస్తి కింద లెక్కగట్టింది. అందువల్ల వాళ్లను అమ్మినా, కొన్నా, తాకట్టు పెట్టినా, యజమాని చనిపోయాక వారసులకు పంచినా నోటరీ ముందు పత్రం రాయవలసి వచ్చేది, ఆ పత్రాల్లో సాధారణంగా పేరు, వయసు, ధర, కొన్నిసార్లు చేసే పని, పుట్టిన చోటు కూడా ఉండేవి. మనుషులను ఆస్తిగా చూసిన ఆ క్రూరమైన చట్టం పుణ్యమా అని వాళ్ల పేర్లు మిగిలాయి. గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి ఇలాంటి ఫ్రెంచి, స్పానిష్, ఇంగ్లిషు పత్రాలను ఏళ్ల తరబడి కోర్టుల్లో వెతికి, 1820 వరకు లూయిజియానాలో ఉన్న దాదాపు లక్ష మంది బానిసల వివరాలతో ఒక డేటాబేస్ తయారుచేసింది. క్లోయి పేరు లేకపోవడానికి ఏదైనా బలం ఉంటే అది ఈ రకం పత్రాల్లో లేకపోవడం వల్ల రావాలి. అక్కడ కూడా అది సంపూర్ణమైన రుజువు అనలేం. కాలిపోయిన పత్రాలు ఉంటాయి, అసలు రాయని పేర్లు ఉంటాయి, ఒకే మనిషికి రెండు పేర్లూ ఉంటాయి.

కానీ ఇంత తంటా మనకు అవసరమే లేదు. క్లోయి ఉందో లేదో తేల్చకుండానే కథ కూలిపోతుంది. అది కూలేది ఆక్టేవియా పెళ్లి దగ్గర, జేమ్స్ చనిపోయిన తేదీ దగ్గర. యజమానుల కుటుంబం కాబట్టి వాళ్ల పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాతలో భద్రంగా ఉన్నాయి. బానిస స్త్రీ చరిత్రలో మౌనం ఉంది, మౌనంతో ఏదీ నిరూపించలేం. యజమాని కూతురి చరిత్రలో మౌనం లేదు, దానితో చాలా నిరూపించవచ్చు. దయ్యాన్ని వెతకకుండా చనిపోయారన్నవాళ్లను వెతకమని నేను మొదట అన్నది ఇందుకే. ఏ ఊళ్లోనైనా దయ్యం కథల్లో దయ్యమయ్యేది ఎక్కువగా రికార్డుల్లో అంతగా కనబడనివారు: పనిమనిషి, బానిస, పరాయి ఊరి నుంచి వచ్చిన కోడలు. వాళ్లు చంపారనో, వాళ్లను చంపారనో చెప్పే ఇంటి పెద్దల వివరాలు మాత్రం ఎక్కడో ఒక చోట ఉంటాయి.

ఈ కథ ఎక్కడినుంచి పుట్టిందన్న దానికి పరిశోధించినవాళ్లు చెప్పే సమాధానం చాలా మామూలుగా ఉంది. ఆ ఇంటిలో తరవాత నివసించిన కుటుంబంలో, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక ముసలామె దయ్యం తిరుగుతుందని నవ్వుతూ చెప్పుకునే మాట ఒకటి ఉండేదట. ఆమెకు పేరు లేదు, హత్యతో సంబంధమూ లేదు. ఇల్లు చేతులు మారే కొద్దీ టోపీ తలగుడ్డయింది, ముసలామె పడుచయింది, చివరకు బానిసై, విషం పెట్టినదై, క్లోయి అయింది. 1992లో ఆ ఫోటో వచ్చేసరికి ఎదురుచూస్తున్న కథ సిద్ధంగా ఉంది, ఆకారం వచ్చి అందులో నిలబడింది.

దీనివల్ల ఎవరికి నష్టం అని కొందరు అడుగుతారు. సరదా కథే కదా, రాత్రి భయపడి పొద్దున నవ్వుకుంటారు కదా అంటారు. నేను ఒప్పుకోను. చరిత్రలో జరిగింది ఒక అంటువ్యాధి, ఒక తండ్రి పదిహేను నెలలలోపు భార్యనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకోవడం. కథ దాన్ని ఒక నల్లజాతి స్త్రీ చేసిన నేరంగా మార్చింది. పైగా ఆమెను చంపింది తోటి బానిసలేనని చెప్పి యజమానిని ఆ పాపం నుంచి కూడా తప్పించింది. ఆ తోటలో నిజంగా బతికి చాకిరీ చేసిన మనుషుల పేర్లలో ఒక్కటి కూడా పర్యాటకులకు తెలియదు. కథలోని మనిషికి పేరు, ముఖం, పోస్టుకార్డు దక్కాయి. దీన్ని సరదా అనడానికి నాకు నోరు రాదు.

ఈ పద్ధతి అన్ని చోట్లా ఇంత బాగా పనిచేస్తుందని కూడా చెప్పను. ఇంగ్లండులో ష్రాప్‌షర్ కౌంటీలోని వెమ్ అనే పట్టణంలో 1995 నవంబరులో టౌన్ హాలు తగలబడుతుండగా స్థానికుడొకరు ఫోటో తీశాడు, దానిలో మంటల ముందు పాతకాలపు దుస్తులతో ఒక చిన్న పిల్ల నిలబడి ఉంది. 1677లో ఆ పట్టణం చాలా వరకు కాలిపోయినప్పుడు, మంటలు జేన్ చర్మ్ అనే పద్నాలుగేళ్ల పిల్ల చేతి కొవ్వొత్తి నుంచి అంటుకున్నాయని స్థానిక చరిత్రలో ఉంది. అంటే ఇక్కడ రికార్డు వెతికినవాడికి పేరు దొరుకుతుంది! దయ్యం పేరు కోసం మాత్రమే వెతికేవాళ్లు తెల్లబోతారని నేనన్నది ఇలాంటి చోటే. ఈ ముడి విప్పింది 2010లో బయటపడ్డ 1922 నాటి పోస్టుకార్డు ఒకటి. ఆ వీధి దృశ్యంలో ఒక మూల నిలబడి ఉన్న పిల్ల, మంటల ఫోటోలోని పిల్ల, అచ్చం ఒకటే. ఎవరో అక్కడినుంచి ఇక్కడికి అతికించారు. 1677 నాటి జేన్ నిజం, ఫోటోలోని పిల్ల కూడా నిజమే, ఇద్దరికీ మధ్య రెండున్నర శతాబ్దాల దూరం ఉంది.

అసలు ఆత్మల ఫోటోల వ్యాపారం మొదలైనచోటే ఈ పరీక్ష ఒక మోసాన్ని పట్టించింది. 1860ల మొదట్లో బోస్టన్‌లో విలియం మమ్లర్ అనే ఫోటోగ్రాఫర్ వచ్చినవారి వెనుక చనిపోయిన బంధువుల నీడలు కనబడేలా ఫోటోలు తీసి డబ్బు గడించాడు. ఆ నీడల్లో కొన్ని అదే ఊళ్లో తిరుగుతున్న, నిక్షేపంగా బతికున్న మనుషుల ముఖాలని గుర్తుపట్టాక అక్కడ అతని పరువు పోయింది. 1869లో న్యూయార్కులో అతనిపై కేసు నడిచింది, ప్రదర్శనల వ్యాపారి పి.టి. బార్నమ్ వచ్చి అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. అయినా మోసం ఏ పద్ధతిలో చేశాడో నిరూపించలేక కోర్టు వదిలేసింది. ఫోటో ఎలా తయారైందన్న వాదన కోర్టులో వీగిపోయింది, ముఖం ఎవరిదన్న వాదన బోస్టన్ వీధుల్లో నిలబడింది. ఈ తేడా నాకు చాలా ఇష్టం.

రికార్డు చూపించినా ఒప్పుకోనివారు ఉంటారు, అదీ చెప్పాలి. ఇంగ్లండులోనే రేన్‌హామ్ హాల్ అనే పాత బంగళా మెట్లపై 1936లో తీసిన ప్రసిద్ధమైన ఫోటోలోని ఆకారం డొరతీ వాల్‌పోల్‌ది అంటారు. ఆమె మొదటి ప్రధానిగా పేరుపొందిన రాబర్ట్ వాల్‌పోల్ చెల్లెలు, 1726లో మశూచితో చనిపోయింది. కథలో మాత్రం భర్త ఆమెను గదిలో బంధించి చంపాడు. తేదీ చూపిస్తే, ఆ అంత్యక్రియలే నాటకమని, ఆమె తరవాత కూడా చాలాకాలం బందీగా ఉందని చెప్పేవాళ్లున్నారు. ఇక ఆ మాటకు రికార్డులో జవాబు ఉండదు. సాక్ష్యం కనబడ్డప్పుడల్లా దాన్ని కూడా కుట్రలో భాగం చేసేసే కథ తనను పరీక్షించే దారిని తానే మూసుకుంటుంది. అలాంటివారితో వాదన అక్కడితో ఆపేయడం మంచిదని నా అభిప్రాయం.

తెలుగువాళ్లం ఇలాంటి పరీక్ష మన పాత ఇళ్ల కథలకు పెట్టాలంటే ఇబ్బంది ఇంకో రకంగా వస్తుంది. మా ఇంట్లో మూడు తరాల వెనకటి పెద్దల తద్దినాలు ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి అన్నది తప్పులేకుండా చెప్పగలరు. ఏ సంవత్సరమో అడిగితే ఎవరికీ తెలియదు. తిథికి ఏటా పనిబడుతుంది, సంవత్సరానికి పనిబడదు. అయినా కథలో చనిపోయారన్న పిల్లలెవరో, వాళ్లకు పిల్లలున్నారేమో ఇంటి పెద్దవాళ్లను అడగవచ్చు. ఒక్క మనవడు దొరికినా చాలు.

మళ్లీ మర్టిల్స్‌కు వస్తే, ఆ ఇంట్లో పది హత్యలు జరిగాయని అక్కడి కథకులు చెబుతారు. కాగితాల్లో స్పష్టంగా కనబడే హత్య ఒక్కటే. 1871 జనవరిలో విలియం వింటర్ అనే లాయరును ఎవరో గుర్రంపై వచ్చి, వరండాలోకి పిలిచి కాల్చిపోయారు. అతను అక్కడికక్కడే కూలిపోయాడని నాటి పత్రిక రాసింది. కథలో మాత్రం అతను తూటా దెబ్బతో లోపలికి నడిచి, మెట్లెక్కుతూ పదిహేడో మెట్టుపై భార్య చేతుల్లో ప్రాణం వదిలాడు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడిన దాఖలా కనబడదు. ఆ ఇంటి పేరు చెప్పి పరిశోధనకు దిగే ఉత్సాహం ఎవరికైనా ఉంటే తేల్చవలసిన కేసు అది, దానికి ఒక తేదీ ఉంది, ఒక శవం ఉంది, ఒక వార్తాపత్రిక ఉంది.